దారులు వేరైనా.. తీరని గురు రుణం
బ్రహ్మర్షి రఘుపతి వెంకటరత్నం నాయుడు జీవిత విశేషాలు

నందిగామ: విజయవాడ వన్‌టౌన్‌లోని కాళేశ్వరరావు మార్కెట్ పేరు తెలియని రైతు, వ్యాపారి పశ్చిమ కృష్ణా ప్రాంతంలో అరుదు. ఆ పేరు గల అయ్యదేవర కాళేశ్వరరావు నందిగామ బిడ్డ అన్న సంగతి మాత్రం ఈ తరంలో కొందరికే తెలుసు. స్వాతంత్య్ర సమరయోధునిగా, గ్రంథాలయోద్యమ ప్రముఖునిగా, 1956లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి సభాపతిగా ఆయన చరిత్రకెక్కారు. ఆయన తరం యువకుల మనసుకు రూపు దిద్దిన ఒక గురువు బందరులో ఉండేవారు. ఆయనే బ్రహ్మర్షిగా ప్రజలు గౌరవించిన రఘుపతి వెంకటరత్నం నాయుడు.

అధ్యాపకునిగా, బ్రహ్మసమాజ ప్రచారకునిగా, సంస్కర్తగా ఆయన కీర్తి గడించారు. అయితే ఆయన జీవితంలో మరింత విశేషమైనది శిష్యుల కృతజ్ఞత. వారిలో పలువురు గురువు నడిచిన దారిలో చివరిదాకా నడవలేదు. కొందరు ఆయన దూరంగా ఉన్న రాజకీయాల్లోకి దూకి చెరసాలలకు వెళ్లారు. మరికొందరు ఆయన నీతి సూత్రాలనే ప్రశ్నించారు. అయినా గురువు పట్ల గౌరవాన్ని విడువలేదు. గురుభక్తి అంటే గురువు చెప్పిన ప్రతి మాటకూ తల ఊపడమేనా అన్న ప్రశ్నకు ఈ గురుశిష్యుల చరిత్రలో సమాధానం దొరుకుతుంది.

సైనిక కుటుంబం.. బహుభాషా పరిచయం

వెంకటరత్నం నాయుడు 1862 అక్టోబరు 1న మచిలీపట్నంలో జన్మించారు. తండ్రి అప్పయ్యనాయుడు సైన్యంలో సుబేదారు. తండ్రి ఉద్యోగరీత్యా బాల్యంలో కొంతకాలం మధ్య పరగణాల్లోని చాందాలో గడిపారు. అక్కడ హిందీ, ఉర్దూ, పారశీక భాషలతో పరిచయం ఏర్పడింది. తరువాత హైదరాబాదులో విద్యాభ్యాసం సాగింది. తెలుగు గడ్డపై పుట్టినా భిన్న భాషల, భిన్న మతాల వారి నడుమ పెరగడం ఆయన దృష్టిని విశాలం చేసింది.

ఉన్నత విద్య కోసం ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. అప్పుడు ఆ కళాశాలకు అధిపతి డాక్టర్ విలియం మిల్లర్. స్కాట్లాండు నుంచి వచ్చిన ఈ మతబోధకుడు దక్షిణ భారత విద్యారంగంలో మహోన్నత వ్యక్తిగా పేరొందారు. కొన్నేళ్ల తరువాత సర్వేపల్లి రాధాకృష్ణన్ చదివినదీ ఇదే కళాశాలలో. మిల్లర్ బోధన, శీలం, విద్యార్థుల పట్ల వాత్సల్యం వెంకటరత్నం నాయుడిపై చెరగని ముద్ర వేశాయి. అధ్యాపక వృత్తిని ఆయన ఒక తపస్సుగా భావించడానికి బీజం అక్కడే పడింది.

అయితే మిల్లర్ శిష్యుడు క్రైస్తవం స్వీకరించలేదు. మద్రాసులో బ్రహ్మసమాజ ప్రచారకులు మన్నవ బుచ్చయ్య పంతులు సాహచర్యంతో 1885లో బ్రహ్మసమాజంలో చేరారు. క్రైస్తవ గురువు దగ్గర నేర్చుకున్న సేవాభావాన్ని ఉపనిషత్తుల ఏకేశ్వర తత్వంతో మేళవించుకున్నారు. గురువు మతాన్ని స్వీకరించకపోయినా గురువు గుణాన్ని జీవితాంతం పాటించారు. తరువాతి కాలంలో ఆయన శిష్యులు ఆయన విషయంలో చేసినదీ అచ్చంగా ఇదే.

బ్రహ్మసమాజ దీక్ష

రాజా రామమోహన రాయ్ 1828లో కలకత్తాలో స్థాపించిన బ్రహ్మసమాజం ఒకే దైవాన్ని నమ్మింది. విగ్రహారాధనను, కుల భేదాలను కాదన్నది. స్త్రీ విద్యను, వితంతు వివాహాలను బలపరచింది. తెలుగునాట కందుకూరి వీరేశలింగం పంతులు వంటి వారు ఈ భావాలను ఆచరణలోకి తెచ్చారు. వెంకటరత్నం నాయుడు దానికి ప్రార్థననూ, శీల నిష్ఠనూ జోడించారు.

1889లో ఆయన భార్య మరణించారు. అప్పటికి ఆయన వయసు ముప్పయ్యేళ్లు కూడా నిండలేదు. భార్య పోయిన యువకుడు ఏడాది తిరక్కుండానే మళ్లీ పెళ్లి పీటలెక్కడం ఆనాటి ఆచారం. భర్త పోయిన పసిపిల్లకు మాత్రం జీవితాంతం వైధవ్యమే. ఈ రెండు నీతులను ఎండగట్టే వ్యక్తి తానే రెండో వివాహం చేసుకుంటే మాటకు విలువ ఏముంటుంది? ఆయన మరల వివాహం చేసుకోలేదు. మిగిలిన యాభై ఏళ్లూ ఒంటరిగా, నిరాడంబరంగా గడిపారు. తెల్లని దుస్తులే ధరించేవారు. విద్యార్థులకు ఆయన చెప్పిన పాఠాలలో మొదటిది ఈ ఆచరణే.

బందరు నోబుల్ కళాశాలలో..

ఎం.ఏ. పూర్తి చేసిన తరువాత ఆయన 1890 దశకంలో బందరు నోబుల్ కళాశాలలో ఆంగ్లోపన్యాసకులుగా పనిచేశారు. రాబర్ట్ నోబుల్ అనే ఆంగ్ల మతబోధకుడు 1843లో ప్రారంభించిన పాఠశాలే కాలక్రమంలో ఈ కళాశాలగా ఎదిగింది. అప్పటి కృష్ణా జిల్లాకు బందరే కేంద్రం. మెట్ట ప్రాంతం నుంచి ఉన్నత విద్య ఆశించే కుర్రవాళ్లు అక్కడికే చేరేవారు. బందరుకు రైలు ఇంకా రాని రోజులవి. గోల్కొండ - బందరు పాత బాటపై ఉన్న నందిగామ నుంచి బయలుదేరిన వారు బెజవాడ దాకా బండ్లపై వెళ్లి, అక్కడి నుంచి బందరు కాలువలో పడవ ఎక్కేవారు.

అలా బందరు చేరిన నందిగామ విద్యార్థి అయ్యదేవర కాళేశ్వరరావు. భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు కూడా ఆ కళాశాల విద్యార్థులే. ఒక్క తరంలో ఒక్క కళాశాల నుంచి ఇంతమంది నాయకులు రావడం యాదృచ్ఛికం కాదు. తరగతి గదిలో ఆంగ్ల సాహిత్యం బోధిస్తూనే సత్యం, సచ్ఛీలం, సేవ గురించి వెంకటరత్నం నాయుడు వారి మనసుల్లో నాటుకునేలా చెప్పేవారు. ఆయన ఆంగ్ల వాగ్ధాటి మద్రాసు రాజధాని అంతటా ప్రసిద్ధి. చదువు ఉద్యోగానికి మెట్టు మాత్రమే అనుకుని వచ్చిన యువకులకు చదువు వల్ల ఒక బాధ్యత కూడా వస్తుందని ఆయన నేర్పారు.

మేజువాణిపై సమరం

ఆ కాలంలో పెళ్లిళ్లకు, దొరల విందులకు మేజువాణి పెట్టించడం గొప్ప మర్యాద. జమీందారులు, వకీళ్లు, ఉద్యోగులు పోటీలు పడి ఏర్పాటు చేసేవారు. దీనిపై వెంకటరత్నం నాయుడు సాంఘిక పవిత్రతోద్యమం నడిపారు. యువకులు మేజువాణికి వెళ్లరాదని, మద్యం ముట్టరాదని ఊరూరా ప్రబోధించారు. ప్రభుత్వ ప్రముఖులు ఇటువంటి విందులకు హాజరు కావద్దంటూ 1893లో మద్రాసు సంస్కర్తలు వైస్రాయికి, గవర్నరుకు విజ్ఞాపన పంపారు. ప్రభుత్వం తిరస్కరించింది. అయినా ఉద్యమం ఆగలేదు. ఆడపిల్లలను దేవదాసీలుగా అర్పించడాన్ని నిషేధిస్తూ మద్రాసు రాష్ట్రంలో చట్టం వచ్చేసరికి 1947 అయింది. అప్పటికి ఆయన కన్నుమూసి ఎనిమిదేళ్లు.

ఈ ఉద్యమానికి మరో పార్శ్వం కూడా ఉంది. తరతరాలుగా సంగీత నృత్యాలను కాపాడిన కళావంతుల కుటుంబాలు దీనివల్ల జీవనోపాధి కోల్పోయాయని, వారి కళకు రావలసిన గౌరవం దక్కలేదని తరువాతి చరిత్రకారులు విమర్శించారు. ఆ విమర్శలో నిజం ఉంది. అయితే బాలికలను ఆ వృత్తిలోకి నెట్టే దురాచారాన్ని నలుగురూ చూసీ చూడనట్లు ఊరుకున్న రోజుల్లో, పెద్దల ఆగ్రహానికి వెరవకుండా ఆయన నిలబడ్డారన్నదీ అంతే నిజం.

కాకినాడలో కులపతి

1899లో ఆయన సికింద్రాబాదు మహబూబ్ కళాశాలకు ప్రిన్సిపాలుగా వెళ్లారు. అనంతరం కాకినాడ పిఠాపురం రాజా కళాశాల బాధ్యతలు స్వీకరించి, 1919 వరకు సుమారు ఒకటిన్నర దశాబ్దం పాటు ప్రిన్సిపాలుగా కొనసాగారు. ఆయన జీవితంలో ఫలవంతమైన కాలం ఇదే. ఆడపిల్లలు గడప దాటడమే తప్పనుకునే రోజుల్లో మగపిల్లలతో పాటు కళాశాలలో చేర్చుకున్నారు. అంటరానివారని సమాజం దూరంగా ఉంచిన కుటుంబాల బాలలను చేరదీసి చదివించారు. అనాథలను పెంచారు. జీతంలో ఎక్కువ భాగం పేద విద్యార్థుల ఫీజులకు, భోజనానికి ఖర్చయ్యేది.

ఆయనను గురువుగా భావించి, ఆ భావాన్ని ధనరూపంలో చాటిన శిష్యుడు పిఠాపురం మహారాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు బహద్దూరు. కళాశాల అభివృద్ధికి, కాకినాడ అనాథ శరణాలయానికి, దళిత విద్యార్థుల వసతి గృహానికి, బ్రహ్మమందిరానికి ఆయన ఉదారంగా సాయం చేశారు. తెలుగు భాషకు సూర్యరాయాంధ్ర నిఘంటువును అందించిన ప్రభువు కూడా ఆయనే. సాధారణంగా రాజు ఇస్తాడు, పండితుడు పుచ్చుకుంటాడు. ఇక్కడ గురువు తనకంటూ ఏమీ పుచ్చుకోలేదు. రాజు ఇచ్చినదంతా దిక్కులేని పిల్లల పాలైంది.

మరో శిష్యుడు వేమూరి రామకృష్ణారావు గురువు ఉపన్యాసాలను సేకరించి సంపుటాలుగా వెలువరించారు. నోటి మాటతో గాలిలో కలిసిపోవలసిన బోధలు తరువాతి తరాలకు అందడం ఆయన శ్రమ ఫలితమే. ఆయన కూడా గురువు కూర్చున్న పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాలు పీఠాన్ని అధిష్ఠించారు.

గురువుకు బిరుదులు.. శిష్యులకు జైళ్లు

ఇక్కడి నుంచే గురుశిష్యుల దారులు వేరయ్యాయి. వెంకటరత్నం నాయుడు రాజకీయాందోళనలకు దూరంగా ఉన్నారు. మనిషి మారకుండా పాలకుడు మారితే ఒరిగేదేమీ లేదన్నది ఆయన ధోరణి. శీలం, విద్య, సంఘ సంస్కరణ ముందు రావాలని విశ్వసించారు. ప్రభుత్వం ఆయనకు దివాన్ బహదూర్ బిరుదు ఇచ్చింది. 1924లో సర్ బిరుదుతో సత్కరించింది. 1925 నుంచి 1928 వరకు ఆయన మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా పనిచేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది.

శిష్యుల మార్గం ఇందుకు పూర్తిగా భిన్నం. వందేమాతరం ఉద్యమ కాలంలో 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర పర్యటన యువతను ఉర్రూతలూగించింది. అదే ఏడాది కృష్ణాపత్రిక సంపాదకత్వం స్వీకరించిన ముట్నూరి కృష్ణారావు దాన్ని జాతీయోద్యమ వాణిగా మలిచారు. కోపల్లె హనుమంతరావు వకీలు వృత్తి ఆశలు వదులుకుని 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల నిర్మాణానికి జీవితాన్ని అర్పించారు. వైద్యుడైన పట్టాభి సీతారామయ్య వృత్తిని విడిచి కాంగ్రెస్‌లో పనిచేసి, 1948లో అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు.

నందిగామ బిడ్డ కాళేశ్వరరావు బెజవాడలో వకీలుగా స్థిరపడ్డారు. మహాత్మాగాంధీ పిలుపుతో ప్రాక్టీసు మానేసి సహాయ నిరాకరణోద్యమంలో చేరారు. 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ సంఘ సమావేశాల నాటికి పట్టణ నాయకులలో ముఖ్యులుగా ఉన్నారు. పలుమార్లు జైలుకు వెళ్లారు. గురువును గౌరవించిన ప్రభుత్వమే శిష్యులను ఖైదు చేసింది.

ఇంత భేదం ఉన్నచోట మనసులు విరగడం సహజం. ఈ గురుశిష్యుల విషయంలో అలా జరగలేదు. జాతీయవాదులు సర్ బిరుదును చూడలేదు. ఆ బిరుదు వెనుక ఉన్న తెల్లని దుస్తుల మాస్టారును చూశారు. నమ్మిన దాని కోసం సుఖాన్ని వదులుకోవడం తమకు నేర్పినది ఆయనేనని వారికి తెలుసు. ఆయన సంస్కరణ కోసం వదులుకున్నారు, వీరు స్వరాజ్యం కోసం వదులుకున్నారు. పాఠం ఒక్కటే, ప్రయోగించిన చోటు వేరు.

ప్రశ్నించిన శిష్యులు

కాకినాడ శిష్యులలో సాహితీవేత్తలూ ఉన్నారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి యౌవనంలో వెంకటరత్నం నాయుడి ప్రభావంతో బ్రహ్మసమాజం వైపు ఆకర్షితులయ్యారు. సంప్రదాయ పండిత కుటుంబంలో పుట్టినా కులభేదాలను కాదని సంఘసేవలో పాల్గొన్నారు. ఆ తరువాత భావకవిగా తెలుగువారి హృదయాల్లో నిలిచారు.

గుడిపాటి వెంకటచలం కథ ఇంకొక రకం. కాకినాడలో చదువుకునే రోజుల్లో ఆయన కూడా బ్రహ్మసమాజ ప్రభావంలో పడ్డారు. జంధ్యం, కులం కాదన్న ధైర్యం ఆ వాతావరణంలోనే వచ్చింది. కానీ గురువు పవిత్రత అన్నదాన్ని శిష్యుడు ప్రశ్నించారు. స్త్రీ స్వేచ్ఛపై ఆయన 1927లో వెలువరించిన మైదానం నవల గురుపీఠం బోధించిన నియమాలకు ఎదురు నిలిచింది. ఆడది కూడా మనిషేనన్న మొదటి మెట్టు సంస్కర్తలు వేసినదే. చలం దాని మీద ఎవరూ ఊహించనంత ఎత్తుకు ఎక్కారు. ఆ మెట్టే లేకపోతే ఆ ఎత్తు ఉండేది కాదని సాహిత్య చరిత్ర చదివిన వారికి తెలుస్తుంది.

బెజవాడలో రామమోహన గ్రంథాలయం

కాళేశ్వరరావు గురు రుణం తీర్చుకున్న తీరు ఈ ప్రాంత వాసులకు మరింత సన్నిహితమైనది. బెజవాడలో 1911లో వెలసిన రామమోహన ధర్మ గ్రంథాలయ స్థాపనలో, నిర్వహణలో ముందు నిలిచిన వారిలో ఆయన ఒకరు. బ్రహ్మసమాజ స్థాపకుని పేరు ఆ గ్రంథాలయానికి పెట్టడంలో బందరు నాటి పాఠాల ప్రతిధ్వని వినిపిస్తుంది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ బెజవాడలో జరిగింది. ఊరూరా గ్రంథాలయాలు పెట్టాలన్న ఉద్యమం అక్కడి నుంచి ఊపందుకుంది. మెట్ట గ్రామాల్లో పొలం పనులు ముగించుకుని రచ్చబండ దగ్గర పత్రిక చదివించుకుని విన్న రైతు వరకు ఆ ఉద్యమ ఫలం చేరింది.

కాళేశ్వరరావు ప్రపంచ దేశాల స్వాతంత్య్ర పోరాటాల చరిత్రలను కూడా తెలుగులో రాశారు. ఆంగ్లం రాని వారికి లోకజ్ఞానం అందాలన్నదే ఆ కృషి వెనుక ఆశయం. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ సభాపతి స్థానం అలంకరించిన ఆయన 1962 ఫిబ్రవరి 26న కన్నుమూశారు. తన జీవిత చరిత్రను నా జీవిత కథ - నవ్యాంధ్రము పేరుతో గ్రంథస్థం చేశారు.

చివరి రోజులు

వెంకటరత్నం నాయుడు 1939 మే 26న తుదిశ్వాస విడిచారు. ఆయన ఆస్తులు కూడబెట్టలేదు. సొంత పీఠం స్థాపించి వారసుణ్ని నియమించలేదు. మంత్రోపదేశం చేసి దక్షిణ పుచ్చుకోలేదు. ప్రార్థన, పాఠం, అన్నం పెట్టడం.. ఈ మూడే ఆయన గురుత్వం. ఆయన నమ్మిన బ్రహ్మసమాజం తెలుగునాట పెద్ద మతశాఖగా ఎదగలేదు. ఆ కొలమానంతో చూస్తే ఆయన ఓడిపోయినట్లే కనిపిస్తారు.

కానీ శిష్యుల వైపు నుంచి చూస్తే లెక్క మారుతుంది. బందరులో జాతీయ కళాశాల, పత్రికారంగంలో కృష్ణాపత్రిక, బెజవాడలో గ్రంథాలయం, కాకినాడలో అనాథ శరణాలయం, సాహిత్యంలో కృష్ణశాస్త్రి, చలం.. వీటిలో గురువు స్వయంగా కట్టినవి తక్కువే. ప్రతి దాని పునాదిలోనూ ఆయన నేర్పిన ఒక అక్షరం ఉంది. శిష్యులు తమ కృతజ్ఞతను గురువు పాదాల వద్ద పువ్వులుగా పెట్టి ఊరుకోలేదు. తమకు దక్కిన దాన్ని మరొకరికి అందించారు.

నందిగామకు అందిన వెలుగు

జిల్లాల పునర్విభజనతో 2022లో నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలు ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి. మచిలీపట్నం కృష్ణా జిల్లాలో ఉంది. పటంలో గీత మారినా బందరు కాలువ వెంట నడిచిన ఆ గురుశిష్య బంధం చెరిగిపోయేది కాదు. మెట్ట ప్రాంతపు ఊళ్ల నుంచి నేటికీ ఎందరో పిల్లలు చదువు కోసం బస్సెక్కి పట్టణాలకు వెళుతున్నారు. వారిలో ఎవరికో ఒకరికి ఎక్కడో ఒక మాస్టారు తగులుతారు. ఆయన చెప్పినదంతా ఆ పిల్లవాడు ఒప్పుకోకపోవచ్చు. ఆయన నడిచిన దారిలో నడవకపోవచ్చు. నేర్చుకున్నది మరో నలుగురికి ఉపయోగపడితే గురువు రుణం తీరినట్లే.

ఏటా అక్టోబరు 1న వెంకటరత్నం నాయుడు జయంతి, మే 26న వర్ధంతి వస్తాయి. ఆ రోజుల్లో ఆయన చిత్రపటానికి పూలమాల వేయడం మంచిదే. పుస్తకం కొనలేని ఒక విద్యార్థికి పుస్తకం, ఫీజు కట్టలేని ఒక ఆడపిల్లకు ఫీజు అందితే అది మరింత తగిన నివాళి. ఆయన కోరుకున్న గురుదక్షిణ కూడా అదే.